కేపీ ఇచ్చారు, పాక్షిక పీడనాలు అడిగారు: లెక్క ఎలా కట్టాలి?

"సార్, కేపీ ఉంది, మొదటి పీడనం ఉంది. ఇప్పుడేం రాయాలి?"

ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రం ట్యూషన్ చెబుతాను. కాశీనగర్ నుంచి బస్సులో వచ్చే పిల్లలున్నారు, గుణుపురం నుంచి రైల్లో వచ్చేవాళ్లున్నారు, ఆంధ్రలోని పాతపట్నం నుంచి సైకిలు మీద సరిహద్దు దాటి వచ్చేవాళ్లూ ఉన్నారు. అటువాళ్లు దీన్ని ఇంటర్ అంటారు, ఇటువాళ్లు ప్లస్ టూ అంటారు. సమతాస్థితి పాఠం మొదలైన వారానికల్లా అందరూ అడిగేది మాత్రం ఈ ప్రశ్నే. కేపీ అంటే వాయువుల పీడనాలతో కట్టే సమతాస్థితి స్థిరాంకం. మిశ్రమంలో ఒక్కో వాయువు తన వంతుగా కలిగించే పీడనమే పాక్షిక పీడనం. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య లెక్క ఎక్కడ జారిపోతోందో వాళ్లకే తెలియడం లేదు. అంచేత ఒకసారి తెలుగులో రాసి పెడుతున్నాను. సిద్ధాంతం మీ పుస్తకంలో ఉంది. ఇక్కడ చేతిపనే.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

బ్యాలెన్స్ చేసిన సమీకరణం. ఏది వాయువు, ఏది ఘనం, ఏది ద్రవం అన్నది పక్కనే రాసి ఉండాలి.

ఆ ఉష్ణోగ్రత దగ్గర కేపీ విలువ. కేసీ (గాఢతలతో కట్టిన స్థిరాంకం) ఇస్తే కేపీగా మార్చుకోవాలి, ఆ దారి రెండో మెట్టులో ఉంది.

మొదట్లో ఒక్కో వాయువు పీడనం ఎంతో. అది లేకపోతే మోల్‌లు, పాత్ర ఘనపరిమాణం, ఉష్ణోగ్రత కావాలి.

వర్గమూలం తీసే కాలిక్యులేటర్. ఎంట్రన్స్ పరీక్షకి చదివేవాళ్లు కాలిక్యులేటర్ పక్కన పెట్టి చేత్తోనే అలవాటు చేసుకోండి.

ఇవి కాక ఒక ప్రశ్నకి జవాబు తెలియాలి. పాత్ర గట్టిదా, లేక పైన పిస్టన్ ఉందా? గట్టి పాత్రలో ఘనపరిమాణం మారదు. పిస్టన్ ఉంటే మొత్తం పీడనం మారదు. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. ప్రశ్న చదువుతున్నప్పుడే ఆ మాట కింద గీత గీయండి.

రాతలో ఒక సౌకర్యం చేసుకుందాం. తెలియని విలువని నేను "య" అని రాస్తాను, మీ నోటుబుక్కులో ఎక్స్ అని రాసుకోండి. ఉదాహరణకి డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ విడిపోయి నైట్రోజన్ డైఆక్సైడ్ అయ్యే చర్య తీసుకుంటున్నాను. ప్రతిసారీ అంత పేరు రాయలేం కాబట్టి మొదటిదాన్ని "టెట్రా" అనీ, రెండోదాన్ని "డై" అనీ పిలుద్దాం. టెట్రాకి రంగు లేదు, డై ఎర్ర గోధుమ రంగు.

టెట్రా ⇌ 2 డై

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దీని కేపీ సుమారు 0.15, పీడనాలు బార్‌లలో.

1. కేపీ సమాసం రాయండి

కుడివైపు వాయువుల పీడనాలు పైన, ఎడమవైపువి కింద. సమీకరణంలో ముందున్న అంకె ఇక్కడ ఘాతం అవుతుంది.

కేపీ = (డై పీడనం)² / (టెట్రా పీడనం)

ఘనాలూ, శుద్ధ ద్రవాలూ ఇందులోకి రావు.

2. అన్నీ ఒకే యూనిట్లోకి తెచ్చుకోండి

760 మిల్లీమీటర్ల పాదరసం అంటే 1 అట్మాస్ఫియర్. 100 కిలోపాస్కల్‌లు 1 బార్. 1 అట్మాస్ఫియర్ 1.01325 బార్. కేపీ ఏ యూనిట్‌తో ఇచ్చారో పీడనాలన్నీ అందులోనే ఉండాలి. సగం బార్, సగం అట్మాస్ఫియర్ కలిపితే తప్పు చిన్నదే కావచ్చు. మిల్లీమీటర్లు కలిస్తే మాత్రం కొంప మునుగుతుంది.

మోల్‌లు ఇస్తే పీడనం = (మోల్‌లు × ఆర్ × ఉష్ణోగ్రత) / ఘనపరిమాణం. ఆర్ అంటే వాయు స్థిరాంకం. 9.2 గ్రాముల టెట్రాని 5 లీటర్ల పాత్రలో 298 కెల్విన్ దగ్గర పెట్టారనుకోండి. దాని మోలార్ ద్రవ్యరాశి 92, కాబట్టి 0.1 మోల్. పీడనం 0.1 × 0.08314 × 298 / 5, అంటే 0.4955 బార్. బార్, లీటర్‌లతో ఆర్ 0.08314. అట్మాస్ఫియర్ అయితే 0.0821. ఇక్కడ 8.314 వేసేవాళ్లు ఏటా కనీసం ముగ్గురుంటారు.

కేసీ ఇస్తే: కేపీ = కేసీ × (ఆర్ × ఉష్ణోగ్రత) ఘాతం (కుడి వాయు మోల్‌లు − ఎడమ వాయు మోల్‌లు). వాయు మోల్‌లు మాత్రమే లెక్కపెట్టాలి. ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉండాలి. నా ప్లస్ టూ పరీక్షలో 27 డిగ్రీలని 300 కెల్విన్‌గా మార్చకుండా 27 అనే వేసేశాను. ఆర్ × ఉష్ణోగ్రత 24.9 రావలసిన చోట 2.24 వచ్చింది. మిగతా లెక్కంతా ముత్యాల్లాంటి అక్షరాలతో తప్పుగా చేసి వచ్చాను.

3. చర్య ఎటు నడుస్తుందో ముందే తేల్చుకోండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. మొదట్లో ఎడమవైపు పదార్థాలే ఉంటే అనుమానం లేదు, చర్య కుడికే నడుస్తుంది. రెండు వైపులవీ ఉంటే మాత్రం మొదటి పీడనాలని కేపీ సమాసంలో పెట్టి చూడాలి. వచ్చినదాన్ని క్యూ అంటారు. క్యూ కేపీ కన్నా తక్కువైతే చర్య కుడికి, ఎక్కువైతే ఎడమకి.

మన ఉదాహరణలో టెట్రా 0.5 బార్, డై 0.5 బార్ ఉన్నాయనుకుందాం. పాత్ర గట్టిది.

క్యూ = 0.5² / 0.5 = 0.5

ఇది 0.15 కన్నా ఎక్కువ. కాబట్టి చర్య వెనక్కి, ఎడమకి నడుస్తుంది. డై తగ్గుతుంది, టెట్రా పెరుగుతుంది.

4. మూడు వరుసల పట్టిక వేయండి

క్లాసులో ఐస్ టేబుల్ అంటారే, అదే. మొదట, మార్పు, చివర. గట్టి పాత్రలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర పీడనం మోల్‌లకి అనులోమంగా ఉంటుంది కాబట్టి పట్టికని నేరుగా పీడనాల్లోనే వేయొచ్చు. మోల్‌లలోకి వెళ్లి మళ్లీ తిరిగి రానక్కర్లేదు.

మొదట: టెట్రా 0.5, డై 0.5
మార్పు: టెట్రా + య, డై − 2య
చివర: టెట్రా 0.5 + య, డై 0.5 − 2య

సమీకరణంలో డై ముందున్న 2 ఇక్కడ రెండు చోట్ల పని చేస్తుంది. మార్పు వరుసలో 2య అయింది, కేపీలో వర్గం అయింది. "ఒకసారి వాడేశాం కదా సార్, మళ్లీ ఎందుకు?" అని అడుగుతారు. రెండూ వేర్వేరు పనులు. మొదటిది ఎంత మారిందో చెబుతుంది, రెండోది కేపీ నిర్వచనం. రెండూ రాయాలి.

5. కేపీలో పెట్టి సాధించండి

(0.5 − 2య)² / (0.5 + య) = 0.15

అడ్డంగా గుణించి విప్పితే:

0.25 − 2య + 4య² = 0.075 + 0.15య
4య² − 2.15య + 0.175 = 0

వర్గసూత్రం వేస్తే మూలం కింద 4.6225 − 2.8 = 1.8225. దాని వర్గమూలం 1.35. (పిల్లల చేత్తో తేలాలని అంకెలు ఏరుకున్నాను, పరీక్షలో ఇంత దయ ఉండదు.)

య = (2.15 + 1.35) / 8 = 0.4375
లేదా య = (2.15 − 1.35) / 8 = 0.1

రెండు జవాబులొచ్చాయి. మొదటిది తీసుకుంటే డై 0.5 − 0.875, అంటే సున్నా కన్నా తక్కువ. పీడనం రుణసంఖ్య కావడం కుదరదు. దాన్ని కొట్టేయండి. య = 0.1.

6. ఆగకండి, పీడనాలు రాయండి

య దొరకగానే చుట్టూ గడి గీసి పెన్ను మూసేసేవాళ్లు సగం మంది. అడిగింది య కాదు. టెట్రా 0.5 + 0.1 = 0.6 బార్. డై 0.5 − 0.2 = 0.3 బార్.

7. జవాబుని మళ్లీ కేపీలో పెట్టండి

0.3² / 0.6 = 0.09 / 0.6 = 0.15. సరిపోయింది.

అరనిమిషం పని. ఈ ఏడింటిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోండి. నేను పేపర్లు దిద్దేటప్పుడు లెక్క మొదటి నుంచి చదవను. ముందు చివరి పీడనాలు తీసుకుని కేపీ కట్టి చూస్తాను. తేడా వస్తే, ఆ తేడా ఎంతన్నదే చాలాసార్లు తప్పు ఎక్కడుందో చెప్పేస్తుంది.

ఎలాగంటే ఇలా. ఇప్పుడు టెట్రా ఒక్కటే 1 బార్‌తో మొదలైంది, కేపీ అదే 0.15 అనుకోండి. సరైన సమీకరణం 4య² / (1 − య) = 0.15. య 0.1758. డై 0.3516, టెట్రా 0.8242. సరిచూస్తే 0.15 వస్తుంది.

ఒకమ్మాయి 2యని వర్గం చేసేటప్పుడు 2ని వర్గం చేయడం మరిచి 2య² అని రాసింది. ఆమెకి య 0.2389 వచ్చింది. ఆ పీడనాలు, 0.4778, 0.7611, కేపీలో పెట్టండి. 0.30 వస్తుంది. కావలసినదానికి సరిగ్గా రెట్టింపు. సరిచూసినప్పుడు ఇలా నిండుగా 2 రెట్లో, 4 రెట్లో, సగమో వచ్చిందంటే ఎక్కడో ఒక అంకెకి ఘాతం పడలేదు, లేదా రెండుసార్లు పడింది. అడ్డదిడ్డమైన తేడా వస్తే కూడికలోనో, యూనిట్లలోనో వెతకండి. కేపీ తిరగేస్తే ఎంతవుతుందో (0.15 అయితే 6.67) ఆ విలువ కనిపించిందంటే పైదీ కిందదీ తారుమారు చేశారు.

యని ఎప్పుడు వదిలేయొచ్చు?

"1 − యని 1 అనుకోవచ్చా?" అన్నది రెండో నిత్య ప్రశ్న. అనుకుని చేయండి, తర్వాత య మొదటి పీడనంలో 5 శాతం దాటిందేమో చూడండి. పై లెక్కలోనే అలా చేస్తే య 0.1936 వస్తుంది, 19 శాతం. అది కుదరదు. ఆ పీడనాలతో కేపీ 0.186 అవుతుంది. వర్గసూత్రం తప్పదు.

కుదిరే చోటు చూడండి. నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అయ్యే చర్యకి 25 డిగ్రీల దగ్గర కేపీ సుమారు 4.5 × 10⁻³¹. గాలిలో నైట్రోజన్ 0.78 బార్, ఆక్సిజన్ 0.21 బార్ అనుకుంటే, వీటిలోంచి యని తీసేసినా చీమ కుట్టినట్టయినా ఉండదు. నైట్రిక్ ఆక్సైడ్ పీడనం = (4.5 × 10⁻³¹ × 0.78 × 0.21) వర్గమూలం, అంటే సుమారు 2.7 × 10⁻¹⁶ బార్. మనం పీల్చే గాలిలో ఈ రెండూ పక్కపక్కనే ఉండి కూడా కలవకపోవడానికి ఒక కారణం ఈ అంకెలోనే ఉంది.

కొన్ని లెక్కల్లో వర్గసూత్రమే అక్కర్లేదు. హైడ్రోజన్, అయోడిన్ చెరి 1 బార్‌తో మొదలై హైడ్రోజన్ అయొడైడ్ అవుతుంటే, 430 డిగ్రీల దగ్గర కేపీ సుమారు 54.3. (2య)² / (1 − య)² = 54.3. రెండు వైపులా వర్గమూలం తీసేయండి: 2య / (1 − య) = 7.369. య 0.7865. అయొడైడ్ 1.573 బార్, మిగతావి చెరి 0.2135 బార్. మొదటి పీడనాలు రెండూ సమానమైతేనే ఈ అడ్డదారి. ఒకటి 1, ఒకటి 2 అయినప్పుడు కూడా వర్గమూలం తీసేవాళ్లని చూశాను.

కేపీ మరీ పెద్దదైతే

పారాదీప్‌లో ఎరువుల కోసం సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేస్తారు. అందులో కీలకమైన మెట్టు సల్ఫర్ డైఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి ట్రైఆక్సైడ్ కావడం. వనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం వాడతారు. అది వేగం పెంచుతుంది, కేపీని కదిలించదు.

2 సల్ఫర్ డైఆక్సైడ్ + ఆక్సిజన్ ⇌ 2 సల్ఫర్ ట్రైఆక్సైడ్

లెక్క కోసం కేపీ 10,000 అనుకుందాం. డైఆక్సైడ్ 1 బార్, ఆక్సిజన్ 1 బార్. మామూలుగా పట్టిక వేస్తే ఘన సమీకరణం వస్తుంది, య చిన్నదీ కాదు. ఇక్కడ తిరగేసి ఆలోచించాలి. ముందు చర్య పూర్తిగా జరిగిపోయిందనుకోండి: డైఆక్సైడ్ 0, ఆక్సిజన్ 0.5, ట్రైఆక్సైడ్ 1. అక్కడి నుంచి కొంచెం వెనక్కి రండి: డైఆక్సైడ్ 2య, ఆక్సిజన్ 0.5 + య, ట్రైఆక్సైడ్ 1 − 2య. ఇప్పుడు య చిన్నది.

1 / (4య² × 0.5) = 10,000, కాబట్టి 2య = 0.0141.

సరిచూస్తే కేపీ సుమారు 9,580 వస్తుంది. నాలుగు శాతం తేడా. పరీక్షకి చాలు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఆ యనే పెట్టి 1 − 2య, 0.5 + య విలువలు కట్టి, వాటితో 2యని ఇంకోసారి కట్టండి. 0.01385 వస్తుంది. తేడా ఒక శాతంలో పదోవంతుకి దిగుతుంది.

పిస్టన్ ఉంటే

మొత్తం పీడనం స్థిరమంటే పై పట్టిక పనికిరాదు. ఎందుకంటే చర్య జరిగేకొద్దీ పాత్ర పెరుగుతుంది. అప్పుడు పట్టిక మోల్‌లలో వేయాలి. 1 మోల్ టెట్రాతో మొదలుపెడితే చివర 1 − య, 2య, మొత్తం 1 + య. ఒక్కోదాని మోల్ భాగాన్ని (దాని మోల్‌లు / మొత్తం మోల్‌లు) మొత్తం పీడనంతో గుణిస్తే పాక్షిక పీడనం. మొత్తం 1 బార్ అయితే కేపీ = 4య² / (1 − య²). 0.15కి య 0.190. డై 0.3195, టెట్రా 0.6805. కూడితే 1 రావాలి, వచ్చింది. గట్టి పాత్రలో ఇదే టెట్రా 17.6 శాతం విడిపోయింది, ఇక్కడ 19 శాతం. రెండింటికీ ఒకే జవాబు వచ్చిందంటే మీరు ఒకే పట్టిక వాడారన్నమాట.

ఆర్గాన్‌లాంటి జడవాయువు కలిపారని ప్రశ్నలో ఉంటే కంగారు పడకండి. గట్టి పాత్రలో మొత్తం పీడనం పెరుగుతుంది గానీ మన వాయువుల పాక్షిక పీడనాలు కదలవు. పిస్టన్ పాత్రలో మాత్రం మొత్తం మోల్‌లలో దాన్నీ కలపాలి.

ఘనం ఉన్న చర్యలు

రాయగడ వైపు పిల్లలకి కాగితం మిల్లు చెప్పనక్కర్లేదు. గుజ్జు వండే రసాయనాన్ని తిరిగి తయారుచేసుకోవడానికి అలాంటి మిల్లులు సున్నపు మడ్డిని బట్టీలో కాలుస్తాయి. కాల్షియం కార్బొనేట్ విడిపోయి సున్నం, కార్బన్ డైఆక్సైడ్ వస్తాయి. రెండు ఘనాలూ కేపీలోకి రావు. కేపీ = కార్బన్ డైఆక్సైడ్ పీడనం. పట్టిక లేదు, సాధించడం లేదు. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది 1 బార్‌కి చేరుతుంది.

ఇంత సులువు లెక్కలోనే ఒక గొయ్యి ఉంది. ఆ పీడనం రావాలంటే సరిపడా కార్బొనేట్ ఉండాలి కదా. 10 లీటర్ల ఖాళీ పాత్ర, 1173 కెల్విన్, కేపీ 1 అనుకుందాం. 1 బార్ నిండాలంటే 10 / (0.08314 × 1173) = 0.1025 మోల్, అంటే 10.25 గ్రాముల కార్బొనేట్ విడిపోవాలి. మీరు 5 గ్రాములే వేశారు. మొత్తం విడిపోయినా 0.49 బార్ దగ్గరే ఆగుతుంది. అక్కడ సమతాస్థితే లేదు, కేపీ వాడకూడదు. ప్రశ్నలో ఘనం బరువు ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు, ఒకసారి ఇలా సరిచూడండి.

మీరు చేయడానికి ఒకటి

అమ్మోనియం కార్బమేట్ ఘనం విడిపోయి రెండు అమ్మోనియా, ఒక కార్బన్ డైఆక్సైడ్ ఇస్తుంది. ఖాళీ గట్టి పాత్రలో సమతాస్థితి దగ్గర మొత్తం పీడనం 0.12 బార్ అనుకోండి. రెండు వంతులు అమ్మోనియా, ఒక వంతు కార్బన్ డైఆక్సైడ్: 0.08, 0.04. కేపీ = 0.08² × 0.04 = 2.56 × 10⁻⁴.

ఇప్పుడు అదే ఉష్ణోగ్రత, కానీ పాత్రలో ముందే 0.04 బార్ కార్బన్ డైఆక్సైడ్ ఉంది. ఘనం కావలసినంత ఉంది. అమ్మోనియా పీడనం ఎంత? 4య² × (0.04 + య) = 2.56 × 10⁻⁴ వస్తుంది. ఘన సమీకరణం చూసి పుస్తకం మూయకండి. య మునుపటి 0.04 కన్నా తక్కువే ఉండాలి. 0.03 పెట్టి చూడండి, 2.52 × 10⁻⁴ వస్తుంది, కొంచెం తక్కువ. 0.0302 పెట్టి చూడండి. అమ్మోనియా దానికి రెట్టింపు.